కాన్పు గదిలో దేశానికో పద్ధతి
డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ స్మృతికి నివాళిగా చేసిన ప్రసంగ పాఠం

డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ విజయవాడలో స్త్రీలకూ బిడ్డలకూ వైద్యం చేసిన డాక్టరు. 1906లో పుట్టారు, 1964లో కన్నుమూశారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తండ్రి కొమర్రాజు లక్ష్మణరావు విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా చరిత్రనూ శాస్త్రాలనూ తెలుగు పుస్తకాల్లోకి తెచ్చారు. కూతురు అదే దారిన నడిచి ‘ప్రసూతి–శిశుపోషణ’ను తెలుగులో రాశారు. కాన్పు గదిలో డాక్టరుకు తెలిసిన సంగతి కాన్పయ్యే స్త్రీకి కూడా తెలిసి తీరాలి. తెలుగులో అలాంటి పుస్తకం రావడానికి కారణం ఆ పట్టుదలే. ఆమె స్మృతికి అంకితమైన ఈ ప్రసంగానికీ అదే ఆధారం.

కాన్పు గదిలో ప్రతిరోజూ ఎదురయ్యే రెండు ప్రశ్నలే ఇక్కడ విషయం. నొప్పులు పడుతున్నప్పుడు కడుపులోని బిడ్డ క్షేమంగా ఉందో లేదో ఎలా కనిపెట్టాలి? నొప్పులు వాటంతట అవి రానప్పుడు వాటిని ఎప్పుడు రప్పించాలి? వైద్యశాస్త్రం అన్ని దేశాలకూ ఒకటే. పరిశోధన పత్రాలు అందరూ చదివేవే. అయినా డాలస్‌లో, లండన్‌లో, స్టాక్‌హోమ్‌లో, హైదరాబాద్‌లో కాన్పయ్యే స్త్రీలకు ఈ రెండు ప్రశ్నలకూ వేర్వేరు జవాబులు దొరుకుతున్నాయి. ఆ తేడాకు మూలం యంత్రాల్లో కంటే మనుషుల ఏర్పాట్లలో ఎక్కువగా ఉంది. నొప్పులు పడే స్త్రీ పక్కన ఎవరు కూర్చుంటారు, ఎంతసేపు కూర్చుంటారు, ఏదైనా పొరపాటు జరిగితే ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అన్న మూడు విషయాలు ఆ తేడాను చాలావరకు నిర్ణయిస్తున్నాయి.

చెవి నుంచి కాగితం దాకా

గర్భంలోని బిడ్డ గుండె చప్పుడు వినవచ్చని యూరప్ వైద్యులు గుర్తించి రెండు వందల ఏళ్లు దాటింది. 1818లో జెనీవాకు చెందిన ఫ్రాన్స్వా మేయర్ ఆ చప్పుడు విన్నట్టు నమోదైంది. 1821లో పారిస్‌లో ల జుమో ద కెర్గారడెక్ అనే వైద్యుడు, అప్పుడప్పుడే వచ్చిన స్టెతస్కోపును నిండు గర్భిణి కడుపు మీద పెట్టాడు. ఉమ్మనీటి కదలిక వినాలన్నది ఆయన ఆలోచన. ఆయనకు వినిపించింది మాత్రం తల్లి నాడి కంటే చాలా వేగంగా కొట్టుకుంటున్న మరో గుండె. బిడ్డ బాగున్నదీ లేనిదీ ఈ చప్పుడును బట్టి తెలుసుకోవచ్చేమో అని ఆయన అప్పుడే ఊహించాడు. 1895 నాటికి ఫ్రెంచి ప్రసూతి వైద్యుడు అడాల్ఫ్ పినార్ చిన్న బాకా ఆకారంలో ఒక సాధనం తయారు చేశాడు. కరెంటు అవసరం లేని ఆ పినార్ గొట్టాన్ని ఇవాళ్టికీ చాలా దేశాల మిడ్‌వైఫ్‌లు వాడుతూనే ఉన్నారు.

ఆ చప్పుడుకు అంత విలువ ఎందుకంటే, నొప్పి వచ్చిన ప్రతిసారీ గర్భాశయం బిగుసుకుంటుంది. ఆ కొద్దిసేపు మాయకు వెళ్లే తల్లి రక్తం తగ్గుతుంది. నొప్పి సడలగానే మళ్లీ ప్రవహిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఈ హెచ్చుతగ్గులను తట్టుకుంటుంది. మాయ బలహీనంగా ఉన్నా, బొడ్డుతాడు నొక్కుకుపోయినా, నొప్పులు ఊపిరి తిప్పుకోనివ్వకుండా వచ్చినా బిడ్డకు ఆక్సిజన్ చాలదు. అప్పుడు గుండె లయ మారుతుంది. మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకునే గుండె, నొప్పి తర్వాత ఆలస్యంగా నెమ్మదించి ఆలస్యంగా తేరుకోవడం ఒక హెచ్చరిక.

1950ల చివర్లో, 1960ల్లో అమెరికాలోని యేల్‌లో ఎడ్వర్డ్ హాన్, ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో రొబెర్తో కాల్దెయ్‌రో-బార్సియా, జర్మనీలో కాన్రాడ్ హామాకర్ ఈ లయను నిరంతరం నమోదు చేసే మార్గాల కోసం కృషి చేశారు. 1968లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ యంత్రం మార్కెట్లోకి వచ్చింది. తల్లి పొట్టకు రెండు బెల్టులు కడతారు. ఒకటి బిడ్డ గుండెను, ఇంకొకటి నొప్పులను పట్టుకుంటుంది. కదిలే కాగితం మీద రెండు గీతలు నడుస్తాయి. ఇదే సీటీజీ. తొమ్మిదో నెలలో మన ఇళ్లలో ‘ఎన్ఎస్‌టీ తీయించాం’ అని చెప్పుకునేది ఈ యంత్రంతో చేసే పరీక్షే.

డబ్లిన్ చెప్పిన నిజం

యంత్రం ఆసుపత్రుల్లోకి పాకిన తర్వాతే దాని మేలును గట్టిగా కొలిచిన పరీక్షలు వచ్చాయి. వాటిలో పెద్దది ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని నేషనల్ మెటర్నిటీ హాస్పిటల్‌లో జరిగింది. 1985లో వెలువడిన ఆ అధ్యయనంలో 12,964 మంది స్త్రీలున్నారు. కొందరికి నిరంతర సీటీజీ పెట్టారు. మిగతావారి బిడ్డల గుండెను మిడ్‌వైఫ్‌లు కొంతసేపటికోసారి విన్నారు. ఆ ఆసుపత్రిలో నొప్పులు పడే ప్రతి స్త్రీకీ ఒక మిడ్‌వైఫ్ తోడుంటుంది. శిశుమరణాలు రెండు వైపులా సమానంగానే తేలాయి. యంత్రం పెట్టినవారి బిడ్డల్లో పుట్టగానే ఫిట్స్ రావడం సగానికి తగ్గింది. ఆ బిడ్డలు నాలుగేళ్లవారయ్యాక మళ్లీ చూస్తే, మెదడు దెబ్బతిని అవయవాలు స్వాధీనంలో లేకపోయే సెరిబ్రల్ పాల్సీ మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకే మోతాదులో కనిపించింది.

ఆ తర్వాత ఇలాంటి పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష, 13 అధ్యయనాల్లోని 37,000 మందికి పైగా స్త్రీల వివరాలతో అదే మాట చెప్పింది. నిరంతర సీటీజీ వల్ల ఫిట్స్ సగమవుతాయి, మరణాల్లోనూ సెరిబ్రల్ పాల్సీలోనూ స్పష్టమైన తేడా కనపడదు, సిజేరియన్లు మాత్రం సుమారు 63 శాతం పెరుగుతాయి. 1996లో కరిన్ నెల్సన్ బృందం కాలిఫోర్నియా బిడ్డల వివరాలను పరిశీలించింది. సెరిబ్రల్ పాల్సీతో ముడిపడిన గీతల మార్పులు కనిపించిన బిడ్డల్లోనూ 99.8 శాతం మందికి ఆ జబ్బు రాలేదు. గీత బాగుంటే బిడ్డ బాగున్నట్టే అని చాలావరకు నమ్మవచ్చు. గీత బాగాలేనంత మాత్రాన బిడ్డ ప్రమాదంలో ఉందని నమ్మడానికి లేదు.

ఈ ఫలితాలు చదివిన దేశాలు వేర్వేరు దారులు పట్టాయి. అమెరికాలో 1980లో 45 శాతం కాన్పుల్లో యంత్రం వాడేవారు. 2002 నాటికి అది 85 శాతమైంది. ప్రమాద సూచనలు లేని స్త్రీకి చెవితో వినడమైనా సరిపోతుందని అక్కడి ప్రసూతి వైద్యుల సంఘమే ఒప్పుకుంది. అయినా ఆ పద్ధతి ఆచరణలో నిలదొక్కుకోలేదు. చెవితో వినాలంటే నర్సు ఆ గదిలోనే ఉండాలి. యంత్రం ఉంటే నర్సుల బల్ల దగ్గరి తెర మీద నాలుగు గదుల గీతలు ఒకేసారి చూడవచ్చు. రెండో కారణం కోర్టు. బిడ్డకు హాని జరిగిందని కేసు పడితే ఏళ్ల తర్వాత జ్యూరీ ముందు పెట్టడానికి ఒక కాగితం కావాలి. డాక్టరును రక్షించేదీ ఆ కాగితమే, ఆపరేషన్‌కు తొందరపెట్టేదీ ఆ కాగితమే.

బ్రిటన్‌లో జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ మరో దారి చెప్పింది. ప్రమాద సూచనలు లేని స్త్రీకి పినార్ గొట్టంతోనో చేతి డాప్లర్‌తోనో వినాలి. మొదటి దశలో కనీసం పావుగంటకోసారి, బిడ్డ బయటికి వచ్చే దశలో అయిదు నిమిషాలకోసారి, నొప్పి తగ్గగానే ఒక పూర్తి నిమిషం పాటు వినాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సిఫారసులు కూడా ఈ వైపే ఉన్నాయి. ఆరోగ్యంగా ఉండి, నొప్పులు తమంతట తాము వచ్చిన స్త్రీలకు నిరంతర సీటీజీని ఆ సంస్థ సిఫారసు చేయలేదు.

ఈ మాటను సగమే వినడం ప్రమాదం. ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ–టెల్‌ఫర్డ్ ఆసుపత్రుల ప్రసూతి సేవల మీద డోనా ఓకెండెన్ విచారణ నివేదిక 2022 మార్చిలో వచ్చింది. మెరుగైన సంరక్షణ దొరికి ఉంటే 201 మంది బిడ్డలు బతికి ఉండేవారో, బతికే అవకాశం ఉండేదో అని ఆ నివేదిక తేల్చింది. బిడ్డ గుండెను సరిగా గమనించకపోవడం, గీతలను తప్పుగా చదవడం, సిబ్బంది కొరత, అవసరమైనప్పుడు కూడా ఆపరేషన్‌కు వెనకాడటం, తల్లుల మాట చెవిన పెట్టకపోవడం ఆ నివేదికలో పదేపదే కనిపించే లోపాలు. సిజేరియన్ల శాతం తక్కువగా ఉండటమే మంచి ఆసుపత్రికి గుర్తు అనుకుంటే ఏం జరుగుతుందో ఆ కుటుంబాలు అనుభవించాయి. ఆ ఏడాదే ఇంగ్లండ్ ఆరోగ్య సేవ, ఆసుపత్రుల పనితీరును సిజేరియన్ల శాతంతో కొలవడం మానుకోమని ఆదేశించింది.

చెవితో వినడం యంత్రం కంటే చౌక అని కూడా అనుకోకూడదు. పావుగంటకోసారి వినాలంటే వినే మనిషికి జీతం ఇవ్వాలి. ఆ మనిషికి శిక్షణ, తీరిక, అవసరమైతే డాక్టరును అర్ధరాత్రి నిద్రలేపగల అధికారం ఉండాలి. నెదర్లాండ్స్‌లో ప్రమాద సూచనలు లేని గర్భిణిని మొదటి నుంచి చివరిదాకా చూసుకునేది మిడ్‌వైఫ్. చిక్కు కనిపించాక ఆసుపత్రికి, ప్రసూతి డాక్టరుకు పంపుతుంది. స్వీడన్‌లో దాదాపు అందరూ ఆసుపత్రిలోనే కంటారు, అయినా మామూలు కాన్పులు నడిపేది మిడ్‌వైఫ్‌లే. ఆ దేశాల్లో యంత్రం అవసరమైన చోట పనికొస్తోంది. మనిషి లేని లోటును పూడ్చే పని దాని మీద పడలేదు.

కేసుల భయానికి జపాన్ ఒక జవాబు వెతికింది. 2009 జనవరిలో అక్కడ ప్రసూతి పరిహార విధానం మొదలైంది. కాన్పుతో సంబంధమున్న తీవ్ర సెరిబ్రల్ పాల్సీ వచ్చిన బిడ్డ కుటుంబానికి, ఎవరిది తప్పని తేలకుండానే మొత్తం 3 కోట్ల యెన్‌ల పరిహారం దశలవారీగా అందుతుంది. దానితోపాటు నిపుణుల బృందం ఆ కాన్పు రికార్డును, గుండె గీతలతో సహా పరిశీలించి, కారణాలతో నివేదిక రాసి కుటుంబానికీ ఆసుపత్రికీ ఇస్తుంది. అలాంటి నివేదికలు పోగుపడిన కొద్దీ, గీతలు చదవడంలో ఎక్కడ పొరపడుతున్నారో, నొప్పుల మందు మోతాదు ఎక్కడ మితిమీరుతోందో దేశమంతటికీ తెలిసింది. పరిహారాన్ని నేర నిరూపణ నుంచి విడదీయడం వల్ల నిజం చెప్పడం డాక్టరుకు తేలికైంది.

నొప్పులు రప్పించే మందులు

బిడ్డ గుండెను వినడానికీ నొప్పులు రప్పించడానికీ విడదీయరాని సంబంధం ఉంది. మందుతో వచ్చిన నొప్పులు మితిమీరవచ్చు. పది నిమిషాల్లో అయిదుకు మించి నొప్పులు వస్తే, మాయకు రక్తం తిరిగి చేరే వ్యవధి ఉండదు. అందుకే నొప్పులు రప్పించే ఆక్సిటోసిన్ మందు ఎక్కించే చోట నిరంతర సీటీజీ ఉండాలని, మామూలు కాన్పులో చెవితో వినమనే బ్రిటన్ కూడా చెబుతుంది.

ఆక్సిటోసిన్‌ను 1953లో ప్రయోగశాలలో తయారు చేసిన విన్సెంట్ డు విన్యో 1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. గర్భాశయ ముఖద్వారం మెత్తబడకుండా ఈ మందు ఒక్కటే ఇస్తే ఫలితం తక్కువ. ముఖద్వారం ఎంత సిద్ధంగా ఉందో మార్కులు వేసి చెప్పే పద్ధతిని 1964లో ఎడ్వర్డ్ బిషప్ ఇచ్చాడు. దాన్ని మెత్తబరిచే ప్రోస్టాగ్లాండిన్లు నొప్పులు రప్పించడానికి పనికొస్తాయని 1968లో చూపిన సుల్తాన్ కరీం ఆ పని చేసింది ఉగాండాలోని కంపాలాలో. ప్రసూతి విజ్ఞానం అంతా ధనిక దేశాల నుంచే వచ్చిందనే అపోహకు ఇది మంచి సమాధానం.

మన ఆసుపత్రుల్లో ‘జెల్ పెట్టారు’ అనే మాట వెనక ఉన్నది ఆ ప్రోస్టాగ్లాండిన్ల కుటుంబమే. కడుపులో పుండ్లకు వచ్చిన మిసోప్రొస్టాల్ కూడా ఇప్పుడు ఈ పనికి వాడుతున్నారు. ఇది చౌక, చల్లని చోట దాచక్కర్లేదు. మోతాదు విషయంలో మాత్రం తప్పు చేయడానికి వీల్లేదు. నొప్పులు రప్పించడానికి కావలసింది 25 మైక్రోగ్రాములు. ఇతర అవసరాలకు అమ్మే మాత్ర 200 మైక్రోగ్రాములది. దాన్ని ముక్కలు చేసి ఇవ్వడం ప్రమాదకరం. ఇదివరకు సిజేరియన్ అయిన స్త్రీకి ఇస్తే పాత కుట్టు దగ్గర గర్భాశయం చిరిగిపోయే ముప్పు ఉంది.

మందు లేని మార్గం కూడా ఉంది. మూత్రానికి వేసే ఫోలీ గొట్టాన్ని ముఖద్వారం గుండా పంపి, చివరనున్న బుడగను నీటితో నింపితే ఆ ఒత్తిడికి ముఖద్వారం మెల్లగా తెరుచుకుంటుంది. మిసోప్రొస్టాల్, ఫోలీ గొట్టం రెంటిలో ఏది మేలో తేల్చిన పెద్ద పరీక్ష ఒకటి నాగపూర్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగింది. రక్తపోటు పెరిగిన 602 మంది గర్భిణులు అందులో ఉన్నారు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం, రెండు గంటలకోసారి 25 మైక్రోగ్రాముల మిసోప్రొస్టాల్ నోటి ద్వారా తీసుకున్నవారిలో 57 శాతం మందికి 24 గంటల్లో మామూలు కాన్పు అయింది. ఫోలీ గొట్టం వేసినవారిలో అది 47 శాతం. భారతీయ స్త్రీల మీద, మన ప్రభుత్వ ఆసుపత్రుల పరిస్థితుల్లో తేలిన ఇలాంటి ఫలితమే మన డాక్టర్లకు ఎక్కువ పనికొస్తుంది.

39 వారాలా, 41 వారాలా?

ఎప్పుడు రప్పించాలి అన్న ప్రశ్న దగ్గర దేశాల మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. స్వీడన్‌లో చాలాకాలం 42 వారాలు నిండేదాకా ఆగేవారు. 41 వారాలకు రప్పించడం మేలా అని చూడటానికి 14 ఆసుపత్రుల్లో ఒక అధ్యయనం మొదలైంది. పదివేల మందిని చేర్చుకోవాలని అనుకున్నారు. 2018 అక్టోబరులో, 2,760 మంది దగ్గరే దాన్ని ఆపేశారు. 41 వారాలకు రప్పించిన వర్గంలో ఒక్క బిడ్డ కూడా చనిపోలేదు. ఆగిన వర్గంలో ఆరుగురు చనిపోయారు. ఆ ఫలితంతో స్వీడన్ తన పద్ధతి మార్చుకుంది.

2019లో నెదర్లాండ్స్ అధ్యయనం కూడా అచ్చయింది. 1,801 మంది స్త్రీలలో, 41 వారాలకు రప్పించినవారి బిడ్డల్లో 1.7 శాతానికి, 42 దాకా ఆగినవారి బిడ్డల్లో 3.1 శాతానికి ఏదో ఒక తీవ్ర సమస్య వచ్చింది. తేడా ఉంది. అయితే ఏ దారిలో వెళ్లినా ఎక్కువమందికి మంచే జరుగుతుందన్నది కూడా నిజం. 34 పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ లెక్క ప్రకారం, ఒక బిడ్డ మరణాన్ని ఆపాలంటే 544 మందికి నొప్పులు రప్పించాలి. ఆ ఒక్క బిడ్డ ఒక ఇంటికి సర్వస్వం. మిగిలిన 543 మంది స్త్రీలకు ఆ మందు, ఆ బెల్టులు, ఆ గంటల నిరీక్షణ భారం. ఈ రెండిటినీ తూచే పని తల్లిది. డాక్టరు బాధ్యత ఆమెకు నిజమైన లెక్క చెప్పడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, 41 వారాలు నిండినట్టు కచ్చితంగా తెలిస్తే రప్పించమంటుంది. ఏ ఇబ్బందీ లేనప్పుడు అంతకన్నా ముందు వద్దంటుంది.

అమెరికా ఇంకా ముందుకు జరిగింది. 2018 ఆగస్టులో వచ్చిన అరైవ్ అధ్యయనంలో తొలి చూలు స్త్రీలు 6,106 మంది ఉన్నారు. 39వ వారంలో నొప్పులు రప్పిస్తే సిజేరియన్లు 18.6 శాతం, ఆగితే 22.2 శాతం అని తేలింది. బిడ్డల ఆరోగ్యంలో వచ్చిన తేడా గణాంకాల రీత్యా రుజువు కాలేదు. రప్పిస్తే సిజేరియన్లు పెరుగుతాయన్న పాత నమ్మకాన్ని ఈ అధ్యయనం కదిలించింది. అయితే ఆ ఫలితం సాధించిన ఆసుపత్రులు ముఖద్వారం తెరుచుకునేదాకా తగినంత వ్యవధి ఇచ్చాయి. పొద్దున జెల్ పెట్టి, సాయంత్రానికి ‘ముందుకు సాగలేదు’ అని థియేటర్‌కు తీసుకెళ్లే చోట ఆ ఫలితం రాదు. అమెరికాలో 1990లో పదింట ఒక కాన్పు కంటే తక్కువే మందుతో మొదలయ్యేది. 2020 నాటికి అది 31 శాతం దాటింది.

బ్రిటన్‌లో 2021 మే నెలలో నైస్ ఇచ్చిన ముసాయిదా పెద్ద వివాదం రేపింది. నల్లజాతి, ఆసియా మూలాల స్త్రీలకు 39 వారాలకే నొప్పులు రప్పించే విషయం ఆలోచించవచ్చని అందులో ఉంది. బ్రిటన్‌లో ఉండే తెలుగు తల్లులకూ అది వర్తించేదే. ఆ సమూహాల్లో మృత శిశు జననాలు ఎక్కువన్నది వాస్తవం. కేవలం పుట్టిన జాతిని బట్టి చికిత్స నిర్ణయించడానికి ఆధారం ఎక్కడ అని మిడ్‌వైఫ్‌లు, తల్లుల సంఘాలు నిలదీశాయి. నవంబరులో వచ్చిన తుది మార్గదర్శకంలో ఆ వాక్యం లేదు.

అదే సమస్యను మెల్‌బోర్న్ ఇంకోలా ఎదుర్కొంది. విక్టోరియా రాష్ట్ర జనన వివరాలు పరిశీలిస్తే, భారత ఉపఖండంలో పుట్టిన స్త్రీలకు నిండు నెలల్లో మృత శిశువు కలిగే ముప్పు ఇతరుల కంటే త్వరగా పెరగడం మొదలవుతున్నట్టు తెలిసింది. 2017లో అక్కడి మొనాష్ హెల్త్ ఆసుపత్రులు ఈ స్త్రీలకు 39 వారాల నుంచే బిడ్డ గుండె పరీక్షలు ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆ మార్పు తర్వాత మృత శిశు జననాలు తగ్గినట్టు తర్వాతి అధ్యయనం చూపింది. అందరికీ మందు ఇవ్వడానికి బదులు అందరినీ జాగ్రత్తగా చూసి, అవసరమైనవారికే మందు ఇచ్చే మార్గం ఇది. విదేశాల్లో ఉన్న తెలుగు ఆడపడుచులు తమ డాక్టరును అడగదగిన సంగతి కూడా ఇదే.

మన రెండు రాష్ట్రాల లెక్క

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం. తెలంగాణలో 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటులో 63, ప్రభుత్వంలో 26.6. జనాభా మొత్తం మీద చూస్తే సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్న ఆనవాళ్లు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే ప్రకటించింది. స్వీడన్ 2010ల్లో అయిదో వంతు లోపు సిజేరియన్లతోనే ప్రపంచంలో అతి తక్కువ శిశుమరణాలున్న దేశాల వరుసలో నిలిచింది.

తెలంగాణలో అయిదుగురిలో ముగ్గురికి ఆపరేషన్ అవుతుంటే నింద ఒక్క డాక్టరు మీద వేయడం న్యాయం కాదు. ముహూర్తం చూసుకుని వచ్చే కుటుంబాలున్నాయి. నొప్పులు భరించలేనని ముందే చెప్పే కోడళ్లు, ఎందుకొచ్చిన రిస్కు అని తొందరపెట్టే తల్లిదండ్రులు ఉన్నారు. రాత్రింబవళ్లు ఒక్కరే నడిపే చిన్న నర్సింగ్ హోముల్లో పన్నెండు గంటల కాన్పుకు కాచుకుని కూర్చునే మనిషి లేరు. ఉమ్మనీరు తగ్గింది, బొడ్డుతాడు మెడకు చుట్టుకుంది, ఎన్ఎస్‌టీ బాగాలేదు అన్న మూడు మాటల్లో ఏది చెవిన పడినా ఇంటివాళ్లు సంతకానికి సిద్ధమవుతారు. బొడ్డుతాడు మెడకు చుట్టుకున్న బిడ్డలు చాలామంది మామూలుగానే పుడతారన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు. మొదటి కాన్పు ఆపరేషన్ అయితే రెండోది కూడా ఆపరేషనే అన్నది మన దగ్గర దాదాపు నియమమైంది కాబట్టి, తొలి చూలులో తీసుకున్న నిర్ణయం ఆ స్త్రీ జీవితమంతా వెంటాడుతుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే దృశ్యం కూడా ఈ దేశంలోనే ఉంది. బిడ్డ గుండెను వినే సాధనమూ తీరికా లేని చోట, కాన్పు త్వరగా అయిపోవాలని ఆక్సిటోసిన్‌ను కండకు ఇంజెక్షన్‌గా ఇచ్చేవారున్నారు. సెలైన్‌లో చుక్కచుక్కగా ఎక్కే మందును నొప్పులు మితిమీరితే వెంటనే ఆపవచ్చు. కండలోకి పోయిన మందును వెనక్కి తీసుకోలేరు. బిడ్డ ఊపిరాడక చనిపోవచ్చు, గర్భాశయం చిరగవచ్చు. బిడ్డ బయటపడ్డాక రక్తస్రావం ఆపడానికి అదే ఇంజెక్షన్ తల్లి ప్రాణం కాపాడుతుంది. బిడ్డ పుట్టకముందు ఇస్తే అదే ప్రాణాంతకం. అవసరానికి మించిన వైద్యం ఒక ఊళ్లో, అవసరమైన కనీస వైద్యం లేకపోవడం ఇంకో ఊళ్లో, అప్పుడప్పుడు ఒకే ఆసుపత్రిలో రెండూ కనిపించడం భారతదేశపు అసలు సమస్య.

ఇందులోంచి బయటపడే దారి ఇక్కడే మొదలైంది కూడా. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. నొప్పులు పడే స్త్రీ పక్కనే ఉండి, నడవనిచ్చి, కూర్చోనిచ్చి, గుండె చప్పుడు వేళకు విని, చిక్కు రాగానే డాక్టరును పిలవడం ఆ శిక్షణ సారం. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. మన గ్రామాల మంత్రసానుల చేతిలో ఉన్న ఓర్పుకు ఆధునిక శిక్షణను, ఆసుపత్రి అండను జతచేసే పని అది. రెండు రాష్ట్రాల్లోని కాన్పుల సంఖ్యతో పోలిస్తే శిక్షణ పొందినవారు ఇంకా చాలా తక్కువ. శిక్షణ అయ్యాక వాళ్లను వేరే వార్డుకు మార్చకుండా లేబర్ రూములోనే ఉంచడం శిక్షణంత ముఖ్యం.

ఇక చేయవలసినవి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో, కాన్పులు ఎక్కువగా జరిగే ప్రతి ప్రైవేటు ఆసుపత్రిలో మిడ్‌వైఫ్ పోస్టులు ఏర్పాటు చేసి నింపాలి. యంత్రం కొనే ముందు ఆ గీత చదవగలిగినవాళ్లను తయారు చేయాలి, ఏటా వాళ్లకు మళ్లీ శిక్షణ ఇవ్వాలి. బిడ్డకు హాని జరిగిన ప్రతి కాన్పునూ కారణాలతో సమీక్షించి కుటుంబానికి నివేదిక ఇచ్చే ఏర్పాటు, జపాన్ మాదిరిగా, ఇక్కడా మొదలుకావాలి.

గర్భిణులూ, వాళ్ల ఇంటివాళ్లూ డాక్టరును గౌరవంగానే కొన్ని ప్రశ్నలు అడగాలి. నొప్పులు ఎందుకు రప్పిస్తున్నారు, ఇవాళ సరిగ్గా ఎన్నో వారం, ఆ వారం లెక్క మొదటి నెలల స్కానింగ్‌ను బట్టి వేశారా? ఇంకో రెండు రోజులు ఆగితే ముప్పు ఎంత? మందు ఎక్కుతున్నంతసేపూ బిడ్డ గుండెను ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పే డాక్టర్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. అడిగేవాళ్లు పెరిగితే చెప్పేవాళ్లూ పెరుగుతారు.

చివరిగా, రెండు ప్రభుత్వాలకూ ఒక విన్నపం. ఏ స్త్రీలకు సిజేరియన్లు అవుతున్నాయో పది వర్గాలుగా విడదీసి చూపే పద్ధతిని మైకేల్ రాబ్సన్ 2001లో ప్రచురించాడు. దాన్ని అన్ని ఆసుపత్రులూ వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. నొప్పులు రప్పించిన కాన్పులెన్ని, తొలి చూలు ఆపరేషన్లెన్ని, ఆ బిడ్డల పరిస్థితి ఏమిటి అన్న వివరాలను ఆ పద్ధతిలో ప్రతి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రి ఏటా తెలుగులో ప్రకటించేలా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు వెంటనే నిబంధన తీసుకురావాలి.